పెరటి కబుర్లు: పిల్లికో కుండీ పెడదామా?

బతుకమ్మ, దసరా పండగలు వెళ్ళిపోయి, వానలు వెనక్కి తగ్గి, తెల్లవారుజామున కాస్త చలి తగిలే రోజులు వచ్చాయంటే పెరడున్న ఆడవాళ్ళ చేతులు ఊరుకోవు. మెంతికూర, కొత్తిమీర, పాలకూర మడులు కట్టుకునే అదను ఇదే కదా! అయితే ఈ వారం కూరలోకీ, పూజలోకీ, జడలోకీ రాని ఒక మొక్క గురించి చెప్పుకుందాం. అది మన కోసం కాదు, మన ఇంటి పిల్లి కోసం. క్యాట్‌మింట్ అంటారు. 'పిల్లి పుదీనా' అనుకుంటే మనకి నోరు తిరుగుతుంది.

'పిల్లికి కూడా మొక్కా! బియ్యం ఏరుకునే తీరిక లేక మేం చస్తుంటే!' అని నవ్వకండి. మా తుర్కయాంజాల్ వైపు పిల్లి లేని ఇల్లు తక్కువ. సాగర్ రోడ్డుకి అటూ ఇటూ ఒకప్పుడు చెలకలు, తోటలు ఉన్న చోటే ఇప్పుడు ప్లాట్లు, ఇళ్ళు వచ్చాయి. పొలం పోయినా ఎలుక పోలేదు. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. అందుకే ఇంత పాలు పోసి పిల్లిని పెట్టుకుంటాం. తీరా చూస్తే ఆ పిల్లే కొత్తగా విత్తిన కొత్తిమీర మడిని తవ్వి పోస్తుంది. ఇంట్లో రోజూ గొడవ. పిల్లిని ఉంచాలా, పంపాలా అన్న మాట దాకా వస్తుంది. పెరట్లో దానికంటూ ఒక మూల, ఆ మూలలో దానికి నచ్చే ఒక మొక్క ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. సంగతంతా అదే.

ఏమిటీ మొక్క?

ఇది మన తులసి, పుదీనా, మరువం కుటుంబంలోదే. కాడ నలుపలకలుగా ఉంటుంది, ఆకు నలిపితే వాసన వస్తుంది. ఇందులో రెండు రకాలు మనకి దొరుకుతాయి. ఒకటి క్యాట్‌నిప్. దీన్ని 1753లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు 'నెపెటా కటారియా' అని పుస్తకానికెక్కించాడు. పేరులోనే పిల్లి ఉంది. రెండు మూడు అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆకు బూడిద కలిసిన పచ్చరంగులో, మెత్తని నూగుతో, అంచున రంపపు పళ్ళతో ఉంటుంది. పువ్వు తెలుపు, మీద చిన్న చిన్న ఊదా చుక్కలు. చూడడానికి మరీ అందమేం కాదు గానీ, పిల్లులకి ఎక్కువ ఇష్టమైంది ఇదే.

రెండోది తోటల్లో అందానికి పెంచే క్యాట్‌మింట్. అడుగు, అడుగున్నర ఎత్తులో గుబురుగా పెరిగి నీలం, ఊదా రంగు పూలు పూస్తుంది. నర్సరీల్లో 'ఫాసెనీ' అనే రకం ఎక్కువ. ఒక ముఖ్యమైన మాట గుర్తుంచుకోండి. ఈ ఫాసెనీకి విత్తనం పట్టదు, కొమ్మ నాటే పెంచాలి. కాబట్టి ఆ పేరుతో విత్తనాల పొట్లం అమ్ముతుంటే అందులో ఉన్నది వేరే రకమని అర్థం. కొనేముందు అడగండి.

ఇంకో తికమక కూడా ఉంది. మన మొగబీర మొక్కని ఇంగ్లీషులో 'మలబార్ క్యాట్‌మింట్' అంటారు. కుటుంబం ఒకటే అయినా ఈ రెండూ వేరు. మనం పచ్చడి చేసుకునే పుదీనా కూడా వేరు. పుదీనా కట్ట పడేసి పిల్లి పొర్లడం లేదేమని అనుకోకండి.

పిల్లికి దాని మీద అంత మోజెందుకు?

ఈ ఆకుల్లో నెపెటలాక్టోన్ అనే వాసన పదార్థం ఉంటుంది. పిల్లి ఆకు నమిలినా దాన్ని పట్టించేది వాసనే, రుచి కాదు. ముక్కుకి తగిలిందో లేదో ఆకుకి మొహం రుద్దుతుంది, నేల మీద పొర్లుతుంది, నోరు తెరిచి చొంగ కార్చుకుంటుంది. ఈ ఆట పది నిమిషాలు, మహా అయితే పావుగంట. తర్వాత ఏమీ ఎరగనట్టు లేచి పోతుంది. మళ్ళీ అరగంట, గంట దాకా అదే ఆకు ముక్కు దగ్గర పెట్టినా పట్టించుకోదు. అలవాటు పడిపోయి అది లేకపోతే ఉండలేని మత్తు కాదు ఇది.

అన్ని పిల్లులకీ ఈ మోజు ఉండదు. మూడింట రెండు వంతులకి ఉంటుందని లెక్క. అది పుట్టుకతో, తల్లిదండ్రుల నుంచి వచ్చే గుణం. రెండు మూడు నెలల కూనలకి అసలు తెలియదు. అయిదారు నెలలు నిండాక తెలుస్తుంది. కాబట్టి మీ పిల్లి వాసన చూసి పక్కకి పోయిందంటే మొక్కది తప్పు కాదు, మీ పెంపకానిదీ తప్పు కాదు.

అసలు ఎందుకీ పొర్లుడు అన్నది చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. జపానులోని ఇవాతే విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ఒక సంగతి బయటపెట్టారు. వాళ్ళ దేశంలో మతతబి అనే తీగ ఉంది, దాని ఆకులకీ పిల్లులు ఇలాగే పొర్లుతాయి. అలా రుద్దుకున్న పిల్లుల మీద దోమలు తక్కువగా వాలాయట. 2022లో ఇంకో సంగతి చెప్పారు. పిల్లి ఆకుని కొరికి, నలిపి పెట్టడం వల్ల ఆ దోమల్ని తరిమే వాసన ఇంకా ఎక్కువగా బయటికి వస్తుందట. చూశారా, మనం వేపాకు పొగ వేసుకున్నట్టు అది ఆకు రుద్దుకుంటోంది!

మన చెత్తకుప్ప దగ్గరి చుట్టం

సీమ మొక్క దొరకలేదని దిగులు పడనక్కర్లేదు. పిల్లుల్ని పట్టి లాగే మొక్క మన దగ్గరా ఉంది. కుప్పింటాకు. కొందరు పిప్పింటాకు అంటారు, మురిపిండాకు అంటారు. వైద్యుల పుస్తకాల్లో హరితమంజరి. వానాకాలంలో మోరీల పక్కన, ఖాళీ ప్లాట్లలో, గోడ మొదట్లో దానంతటదే మొలుస్తుంది. అడుగు, రెండడుగుల మొక్క. ఆకుకి పొడుగు కాడ, అంచున గాట్లు. కొమ్మల మధ్య పచ్చటి కంకి, కంకి పొడుగునా చిన్న దొన్నెల్లాంటి పచ్చ రెక్కలు. ఇది తులసి కుటుంబం కాదు, ఆముదం కుటుంబం.

దీనిలో పిల్లికి కావలసింది వేరులో ఉంది. క్యాట్‌నిప్‌లో ఉన్న పదార్థానికి దగ్గరి బంధువులాంటిదే ఈ వేరులోనూ ఉంది. మొక్కని పీకి వేరు పడేస్తే పిల్లి ఎక్కడున్నా వచ్చి వాలుతుంది. మలయాళంలో దీనికి 'పూచ్చమయక్కి' అనే పేరుంది. పూచ్చ అంటే పిల్లి. అంటే పిల్లిని మైమరపించేది అని!

దీన్ని పెంచడానికి కష్టమేం లేదు. వానాకాలంలో చిన్న మొక్కని మట్టితో సహా తవ్వి ఒక పాత గోలెంలో నాటండి. కంకి ఎండితే విత్తనం అందులోనే రాలి, మరుసటి వానకి మళ్ళీ మొలుస్తుంది. రెండు మూడు మొక్కలు ఉంచుకుని ఒక్కొక్కటే పీకి, వేరు కడిగి, నీడలో ఆరబెట్టి పిల్లికి ఇవ్వొచ్చు. మొత్తం ఒకేసారి పీకకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి. కుప్పింటాకు పసరు దగ్గుకీ, కడుపులో పురుగులకీ పిల్లలకి తాగించడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే. కొందరికి రక్తంలో జీ6పీడీ అనే ఒక పదార్థం పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. చూడడానికి ఆరోగ్యంగానే ఉంటారు, పరీక్ష చేస్తే తప్ప తెలియదు. అలాంటి వాళ్ళు కుప్పింటాకు తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. శ్రీలంకలో ఈ ఆకుని కూరగా, కంజిగా తీసుకునే అలవాటుంది. అక్కడి డాక్టర్లు ఇలాంటి కేసుల్ని వైద్య పత్రికల్లో రాశారు. ఆకు తిన్న తర్వాత మూత్రం డికాషన్ రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడినా, పిల్ల నీరసంగా వాలిపోతున్నా, ఆయాసపడుతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. ఏం తాగించారో దాచకుండా చెప్పండి. తిడతారని దాస్తే డాక్టరుకి జబ్బు అందదు. ఇదే లోపం ఉన్నవాళ్ళకి బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు కూడా పడవు. వాటిని పసిపిల్లల బట్టల్లో పెట్టకండి.

కాబట్టి కుప్పింట వేరు పిల్లికి, పసరు ఎవరికీ వద్దు. క్యాట్‌నిప్ ఆకు కషాయం కూడా కొన్ని దేశాల్లో తాగుతారు. మనకి ఆ జోలి వద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు అసలే తాగకూడదు.

విత్తడం ఎలా?

క్యాట్‌నిప్, క్యాట్‌మింట్ చలి దేశాల మొక్కలు. అక్కడ ఏళ్ళ తరబడి బతుకుతాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలంలో వేరు కుళ్ళుతుంది. అందుకని దీన్ని బంతి, చేమంతిలాగా చలికాలపు పంటగా అనుకోండి. అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు ఆఖరు దాకా విత్తితే డిసెంబరు, జనవరి నెలల్లో గుబురుగా పెరుగుతుంది. వేసవి దాటించగలిగితే మీ అదృష్టం, దాటకపోతే మళ్ళీ విత్తుకోవచ్చు.

కుండీ: ఎనిమిది నుంచి పది అంగుళాల మట్టి కుండీ చాలు. అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లు మీద పెంకు ముక్క బోర్లించండి.

మట్టి: మా వైపు ఎర్ర చెలక మట్టి ఈ మొక్కకి బాగానే నప్పుతుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పెంట ఎరువు కలపండి. నల్లరేగడి అయితే ఇసుక ఇంకో పాలు ఎక్కువ వేయండి. ఎరువు ఎక్కువైతే మొక్క ఏపుగా పెరిగి పడిపోతుంది, వాసనా తగ్గుతుంది.

విత్తనం: ఆవాల కంటే చిన్నగా ఉంటుంది. లోతుగా పాతిపెడితే మొలవదు. మట్టి తడిపి, పైన చల్లి, చిటికెడు సన్నని మట్టి దులపండి చాలు. చెంబుతో నీళ్ళు పోస్తే విత్తనం కొట్టుకుపోతుంది. చేత్తో చిలకరించండి. వారం, పది రోజుల్లో మొలకలు వస్తాయి. కొన్నిసార్లు మూడు వారాలు కూడా పడుతుంది. తొందరపడి కుండీ తిరగబోయకండి.

మొలకలు రెండంగుళాలు రాగానే బలంగా ఉన్న రెండు ఉంచి మిగతావి తీసేయండి. ఇక్కడే ఒక కిటుకు ఉంది. మొలకని పీకి వేరే చోట నాటితే ఆకు నలిగి వాసన వస్తుంది. ఆ వాసనకి పిల్లి వచ్చి లేత మొక్క మీద పడుకుని పాడుచేస్తుంది. విత్తిన చోటే పెరిగిన మొక్క జోలికి అంతగా రాదు. అందుకే పెంచదలచుకున్న కుండీలోనే విత్తండి. ఒకవేళ నాటవలసివస్తే నెల రోజులు పైన ఒక పాత వెదురు బుట్టగానీ, కన్నాల ప్లాస్టిక్ బుట్టగానీ బోర్లించి పైన రాయి పెట్టండి.

నీళ్ళు, ఎండ, కత్తిరింపు

వేలు మట్టిలో గుచ్చి చూడండి. అంగుళం లోతు దాకా పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. ఇది తులసిలాగా రోజూ ఉదయం చెంబుడు నీళ్ళు కోరే మొక్క కాదు. నీళ్ళు ఎక్కువైతే కింది ఆకులు పసుపుపచ్చగా మారి మొదలు నల్లబడుతుంది.

ఫిబ్రవరి నెల సగం దాకా ఎండ ఎంత తగిలినా మంచిదే. ఆ తర్వాత పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు గోడ వైపుకి మార్చండి. మార్చి నుంచి పచ్చ నెట్టు నీడగానీ, పెద్ద మొక్కల నీడగానీ ఉండాలి. మేడ మీద సిమెంటు నేల మీద పెట్టిన కుండీ వేరు నుంచే ఉడికిపోతుంది. కింద రెండు ఇటుకలు పెట్టండి.

మొక్క ఆరంగుళాలు అయ్యాక చిగురు గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి. పూత అయిపోగానే మొక్కలో మూడో వంతు కత్తిరించండి. మళ్ళీ చిగురించి ఇంకోసారి పూస్తుంది. జనవరిలో నాలుగంగుళాల లేత కొమ్మలు కోసి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి. తల్లి మొక్క ఎండలకి పోయినా పిల్లలు నీడలో మిగులుతాయి.

తెల్లదోమ, ఎర్రనల్లి ఎండలు ముదిరేటప్పుడు పడతాయి. ఆకు వెనక వైపు నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి, పాడైన ఆకులు తుంచేయండి. పురుగుమందులు మాత్రం ఈ కుండీ మీద కొట్టకండి. పిల్లి ఆ ఆకుకి ఒళ్ళు రుద్దుకుని తర్వాత ఆ ఒళ్ళే నాకుతుంది. మందు నేరుగా కడుపులోకి పోతుంది.

ఎండబెట్టి దాచుకోవడం

పూత మొదలయ్యే సమయంలో వాసన బాగా ఉంటుంది. మంచు ఆరిన తర్వాత పొద్దున్నే కొమ్మలు కోసి, చిన్న కట్టలుగా కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీయండి. అందేలా కడితే పిల్లి గెంతుతుంది, జాగ్రత్త! వారం, పది రోజుల్లో గలగలలాడతాయి. ఆకు దూసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకోండి. ఎండలో పెడితే వాసన ఎగిరిపోతుంది.

పాత నూలు చీర ముక్కతో అరచేయంత సంచీ కుట్టి, రెండు చెంచాల ఎండు ఆకు, కాస్త దూది కూరి, నాలుగు పక్కలా గట్టిగా కుట్టేయండి. పూసలు, గుండీలు, వేలాడే దారాలు పెట్టకండి, మింగితే ప్రమాదం. వారానికి రెండు మూడుసార్లు ఇచ్చి, ఆట కాగానే తీసి డబ్బాలో పెట్టేస్తే వాసన చాలా రోజులు ఉంటుంది. ఆ పది నిమిషాలు చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఆటలో ఉన్న పిల్లి గోరు తగలొచ్చు. గీరినా కరిచినా పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పిల్లికి కూడా ఏటా రేబీస్ టీకా వేయించండి.

మన మడులు దక్కేదెలా?

పిల్లి మడి తవ్వేది మన మీద కోపంతో కాదు. దానికి దొడ్డికి పోవడానికి పొడిగా, గుల్లగా ఉన్న మట్టి కావాలి. మనం విత్తనాల కోసం గుల్ల చేసిన మడి దానికి సరిగ్గా అలాగే కనిపిస్తుంది! అందుకని పెరట్లో ఒక మూల పాత ప్లాస్టిక్ టబ్బులో నాలుగంగుళాల ఇసుక పోసి పెట్టండి. దాని పక్కనే, రెండు మూడు అడుగుల దూరంలో, క్యాట్‌మింట్ కుండీ ఉంచండి. వాసనకి ఆ మూలకి వస్తుంది, నాలుగు రోజులకి ఇసుక అలవాటవుతుంది.

మన మడుల మీద మాత్రం కోళ్ళ జాలీ పరవండి, లేదా ముళ్ళున్న నిమ్మకొమ్మలు అడ్డంగా వేయండి. మొక్కలు నాలుగంగుళాలు రాగానే తీసేయొచ్చు. కారం చల్లడం, ఫినాయిలు పోయడం వద్దు. కారం కళ్ళలో పడి అది బాధపడుతుంది, ఫినాయిలు పాదాలకి అంటి నాకితే చచ్చిపోతుంది.

పురిటికొచ్చిన బిడ్డ ఉన్న ఇంట్లో

ఇప్పుడు అసలు విషయం. మా వీధిలో ఒక ఇంటికి బిడ్డ ఏడో నెలలో తొలి కాన్పుకి వచ్చింది. ఇంట్లో నాలుగేళ్ళ పిల్లి ఉంది. ఆ అమ్మాయి పెళ్ళికి ముందు తన చేతుల మీద పెంచింది. ముసలమ్మ మాత్రం ఒకటే పట్టు: "పిల్లి తిరిగే ఇంట్ల పురిటిబిడ్డ ఎట్ల ఉంటది? గోనెసంచిల ఏసి మాసబ్ చెరువు అవతల ఇడిచి రండి." అమ్మాయి ఏడుపు. "దాన్ని ఇడిస్తే నేను గూడ పోత, నాయనమ్మా." వాళ్ళమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయి నన్ను అడిగింది: "వదినా, నిజంగ ప్రమాదమేనా? ఉత్త భయమా?"

భయం ఉత్తది కాదు, అలాగని పిల్లిని చెరువు అవతల వదలవలసిన పనీ లేదు. సంగతి ఇది. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే కంటికి కనపడని క్రిమి ఉంటుంది. ఎలుకని తిన్నా, పచ్చి మాంసం తిన్నా పిల్లికి అంటుకుంటుంది. కడుపుతో ఉండగా మొదటిసారి మనకి సోకితే కడుపులో బిడ్డకి చేరి, గర్భం పోవడం, బిడ్డ కళ్ళు, మెదడు దెబ్బతినడం జరగొచ్చు. అందుకే పెద్దవాళ్ళ మాటని కొట్టిపారేయకూడదు.

అయితే ఆ క్రిమి పిల్లిని తాకితేనో, ఒళ్ళో కూర్చోపెట్టుకుంటేనో అంటదు. మలం నుంచి నోట్లోకి పోవాలి. అదీ తాజా మలం నుంచి కాదు, ఒకటి నుంచి అయిదు రోజులు గడిస్తేనే అది అంటుకునే స్థితికి వస్తుంది. పిల్లి కూడా సాధారణంగా తొలిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటే దాన్ని విసర్జిస్తుంది. కాబట్టి చేయవలసినవి ఇవి:

ఇసుక టబ్బు ప్రతిరోజూ శుభ్రం చేయాలి. చేసేది గర్భిణి కాకూడదు, ఇంట్లో వేరొకరు చేయాలి.

పిల్లికి వండిన అన్నం, ఉడికించిన మాంసమే పెట్టాలి. పచ్చి తునకలు పెట్టొద్దు.

ఆ నెలల్లో అమ్మాయి మట్టిపని చేయకపోవడమే మంచిది. చేస్తే చేతికి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

పెరటి ఆకుకూరైనా, వనస్థలిపురం రైతుబజారు నుంచి తెచ్చిన కొత్తిమీరైనా నాలుగైదు నీళ్ళలో కడగాలి. పచ్చివి తినొద్దు. మాంసం బాగా ఉడకాలి. పిల్లి లేని ఇంట్లో కూడా ఈ క్రిమి మట్టి అంటిన కూర నుంచి, సరిగ్గా ఉడకని మాంసం నుంచి రావచ్చు.

ఇంకా అనుమానం ఉంటే రక్తపరీక్ష ఉంది, చూపించుకునే డాక్టరునే అడగండి.

వాళ్ళింట్లో అలాగే చేశారు. వెనక గోడ దగ్గర ఇసుక టబ్బు, పక్కన రెండు పిల్లి పుదీనా కుండీలు. టబ్బు ఎత్తే పని ఆ అమ్మాయి తమ్ముడిది. పిల్లిని పడకగదిలోకి రానివ్వకుండా తలుపుకి జాలీ పెట్టించారు. ముసలమ్మ మొదట గొణిగింది గానీ, తన మెంతి మడి తవ్వకుండా మిగిలేసరికి మెత్తబడింది. బిడ్డ పుట్టాక కూడా ఉయ్యాల ఉన్న గదిలోకి పిల్లిని ఒంటరిగా పోనివ్వకూడదని గట్టిగా చెప్పింది. అది మంచి మాటే, అందరూ పాటించాలి.

సంచిలో వేసి దూరంగా వదిలిన ఇంటి పిల్లి ఏమవుతుందో కూడా ఆలోచించండి. అది వేటకి అలవాటు పడింది కాదు, అక్కడి కుక్కల్ని ఎరిగిందీ కాదు. మనకి శుభకార్యం జరుగుతున్న వేళ ఒక మూగప్రాణి ఉసురు ఎందుకు?

దోమల కోసం పెంచుతున్నారా?

జపాను సంగతి చదివి, 'అయితే నాలుగు కుండీలు గుమ్మంలో పెడితే దోమలు రావన్నమాట' అనుకోకండి. మొక్క ఊరికే నిలబడితే వాసన గాలిలోకి పెద్దగా రాదు. ఆకు నలిగితేనే వస్తుంది, అదీ కాసేపే. పైగా కుండీ కింద మనం పెట్టే పళ్ళెంలో నిలిచిన నీళ్ళే డెంగీ దోమకి పుట్టిల్లు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. దోమల మొక్క అని తెచ్చి, దాని కిందే దోమల్ని పెంచుకున్నట్టవుతుంది! వారానికి ఒకరోజు, శుక్రవారం ఇల్లు కడిగేటప్పుడు అనుకోండి, పళ్ళేలన్నీ ఒంపి, గోకి కడగండి. గుడ్లు అంచుకి అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్ళు ఒంపితే చాలదు, పీచుతో రుద్దాలి. దోమతెర దోమతెరే, దానికి బదులు మొక్క కాదు.

పిల్లి ఉన్న ఇంట్లో ఇవి గుర్తుంచుకోండి

పూలదుకాణాల్లో గుత్తుల్లో కట్టే పెద్ద సీమ లిల్లీ పువ్వు పిల్లికి కాలకూట విషం. దాని పుప్పొడి నాకినా మూత్రపిండాలు పోతాయి. మనం లిల్లీ అని జడలో పెట్టుకునే నేలసంపెంగ వేరు, అది ఆ జాతి కాదు. గన్నేరు ఆకు పిల్లికే కాదు, పశువుకీ మనిషికీ కూడా విషమే. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కలిపిన అన్నం పెట్టకండి, దాని రక్తం పాడవుతుంది. జ్వరంగా ఉందని మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ సగం ముక్క వేసినా పిల్లి ప్రాణానికే ముప్పు. పశువుల డాక్టరుని అడగకుండా ఏ మందూ వేయొద్దు.

ఇవన్నీ చదివి 'ఒక్క మొక్కకి ఇంత పురాణమా' అనిపించవచ్చు. పనిగా చూస్తే పెద్దదేం కాదు. ఒక కుండీ, చిటికెడు విత్తనాలు, ఒక టబ్బు ఇసుక, రోజుకి అయిదు నిమిషాలు. అంతే. ఎలుకలు పట్టే పిల్లి ఇంట్లోనే ఉంటుంది, కొత్తిమీర మడి మనకే ఉంటుంది, అత్తాకోడళ్ళకీ తల్లీబిడ్డలకీ మధ్య ఒక తగువు తగ్గుతుంది.

ఈ నెలలోనే విత్తుకోండి, అదను దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. వచ్చే వారం మెంతి మడికి చీమలు పట్టకుండా విత్తనం ఎలా చల్లుకోవాలో చెప్పుకుందాం. అంతవరకు సెలవు.